హజరత్తయ్య అర నిమిషం

మా వీధిలో హజరత్తయ్య కూర్చుని ఉండగా చూసినవాళ్ళు లేరు. ఆయన పెళ్ళికి వెళ్ళినవాళ్ళు కూడా పీటల మీద కూర్చున్నాడని గట్టిగా చెప్పలేరు. పురోహితుడు కూర్చోమన్నప్పుడల్లా ఒక మోకాలు వంచి, మంత్రం పూర్తయ్యేలోగా లేచేవాడట. మూడు ముళ్ళూ నిలబడే వేశాడనీ, మూడోది వేస్తూనే పెట్రోమాక్సు లైటు సరిగా మండడం లేదని అటు నడిచాడనీ ఆయన భార్య ఇందిరమ్మే నాతో చెప్పింది.

నా పేరు వెంకటశేషమ్మ. ఇందుకూరుపేటలో మైపాడు రోడ్డు పక్కన మా ఇల్లు, ఎదురిల్లు హజరత్తయ్యది. నేను చదివింది ఐదో తరగతి, తెలుసుకున్నది అంతకు పదింతలు. ఎవరింట్లో ఏం వండుతున్నారో తాలింపు వాసన పట్టి చెబుతాను, ఎవరింటికి ఎవరొచ్చారో గుమ్మంలో చెప్పులు చూసి చెబుతాను. అలాంటి నాకు ఎదురింటి మనిషి సంగతి ఒకటి పదేళ్ళపాటు తెలియకుండా పోయింది. ఆ అవమానం ఎలా జరిగిందో నేనే చెప్పుకుంటే గౌరవంగా ఉంటుందని మొదలుపెట్టాను.

హజరత్తయ్య భోజనం చేస్తుంటే చూడాలి. కంచం చేత పట్టుకుని పప్పన్నం వంటింట్లో, పులుసన్నం పెరట్లో, మజ్జిగన్నం గొడ్ల కొట్టంలో తినేవాడు. ఇందిరమ్మ గరిటె పట్టుకుని వెనకాల తిరిగేది. "ఆయన ఒక పూట తినేసరికి నేను అర మైలు నడస్తా పెద్దమ్మా" అనేది. మంగలి మస్తానయ్య ఒకసారి ఆయనకు ఎడమ చెంప గీసి, కత్తి నూరుకుని తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీ. రోడ్డు మీద ఏదో లారీ ఇంజను తేడాగా మోగిందట, చూసి రావడానికి వెళ్ళాడు. కుడి చెంప మూడో రోజు గీయించుకున్నాడు. ఆ మూడు రోజులూ ఒకవైపు నుంచి చూసినవాళ్ళు గడ్డం గీయించాడనీ, ఇంకోవైపు నుంచి చూసినవాళ్ళు పెంచుతున్నాడనీ అనుకున్నారు.

నాబోటిదానికి అలాంటి మనిషి ఎదురింట్లో ఉండడం ఎంత బాధో చెప్పలేను. అరుగు మీద కూర్చుని "రా అబ్బయా, యాడికి పోతుండావు, ఎందుకు పోతుండావు, ఎప్పుడొస్తావు" అని అడిగితే, మొదటి ప్రశ్నకు "ఈడికే అత్తా" అన్న జవాబు వీధి చివరినుంచి వినిపించేది. తక్కినవి నా నోట్లోనే ఉండిపోయేవి.

ముప్పై ఎకరాల మాగాణి ఉంది ఆయనకు. మిలిటరీవాళ్ళు వేలం వేస్తే కొన్న ఒక జీపూ ఉంది. దాన్ని సీటు అంచుకు ఆనుకుని తోలేవాడే గాని కూర్చున్నట్టు ఉండేది కాదు. దాని ఇంజను ఆపగా కూడా ఎవరూ చూడలేదు. ఇంటి ముందు నిలిపినా గుడగుడమంటూనే ఉండేది. ఏ పూటైనా సరే, మైపాడు వైపు నుంచి దుమ్ము లేచిందంటే జీపు వచ్చి నెల్లూరు వైపు పోతున్నట్టే. నేను రోడ్డు మీదికి వచ్చి కాఫీ పొడి తెమ్మని చెయ్యెత్తేదాన్ని. ఒక్కసారంటే ఒక్కసారి ఆగలేదు. తలతిప్పి చూసిన పాపాన కూడా పోలేదు. నేను తిట్టిన తిట్లు ఆ దుమ్ములోనే కలిసిపోయేవి.

మెడలో దారం కట్టి ఒక గడియారం వేలాడేసుకునేవాడు. పందేల్లో వాడేది, బొత్తాం నొక్కితే మొదలై, నొక్కితే ఆగుతుంది. ఆయన షెడ్డు గోడ మీద సుద్దముక్కతో వరసగా అంకెలు రాసి ఉండేవి. నలభై ఒకటి, ముప్పై తొమ్మిది, ముప్పై ఏడున్నర, అలా దిగుతూ ముప్పై నాలుగున్నర దాకా. అవేమిటని అడిగితే "నిమిషాలు అత్తా" అన్నాడు. ఏం నిమిషాలని అడిగేసరికి గోడ ముందు నేనొక్కదాన్నే ఉన్నాను. సరే, పందెం అభ్యాసం కాబోలని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. వీధికంతా అదే చెప్పాను.

ఎందుకంటే హజరత్తయ్యకు పందెం కారు ఉండేది. మద్రాసులో పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒక కారు ఇంజను కొని, సమాధానం అనే మెకానిక్ చేత చట్రం కట్టించి, పైన రేకు తొడిగించాడు. చూడడానికి నాలుగు చక్రాలున్న పొట్లకాయలా ఉండేది. విచిత్రమేమిటంటే అందులో ఒకే ఒక్క సీటు, అదీ సరిగ్గా నడిమధ్యన. కారంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది, పైన మూటలు కట్టేది అని మా అందరి ఎరుక. పెళ్ళానికి చోటేదని అడగనివాళ్ళు లేరు. "ఇంట్లో ఆయన కూర్చోడు, కార్లో నన్ను కూర్చోనీడు. సరిపోయింది" అని ఇందిరమ్మ నవ్వేది. ఈ భూమ్మీద ఆయన కుదురుగా కూర్చునే చోటు ఆ ఒక్క సీటేనని మాత్రం ఒప్పుకునేది.

మా మైపాడు రోడ్డు సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. సముద్రపొడ్డు పల్లెలనుంచి నెల్లూరికి పదిహేను మైళ్ళు. దారంతా గుంతలు, కాలవ మలుపులు, అడ్డం వచ్చే గేదెలు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ పల్లెల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆడవాళ్ళు రోడ్డెక్కి తెల్లగుడ్డ ఊపుతారు. తెల్లగుడ్డ కనపడితే ఏ బండైనా ఆగి ఎక్కించుకోవాలని కట్టుబాటు. కట్టుబాటు అందరికీ తెలుసు కాబట్టే చాలా లారీలు ఆ గుడ్డ కనపడగానే ఇంకా గట్టిగా తొక్కి వెళ్ళిపోయేవి.

మద్రాసుకు ఈవలగా షోలవరంలో యుద్ధకాలం నాటి విమానాల మైదానం ఒకటుంది. ఏటా చలికాలం చివర అక్కడ కార్ల పందేలు పెట్టేవారు. హజరత్తయ్య మూడేళ్ళు వెళ్ళాడు. మూడేళ్ళూ పందెం పూర్తి చెయ్యలేదు. మొదటి ఏడు చక్రం ఊడింది. రెండో ఏడు పెట్రోలు గొట్టం తెగింది. మూడో ఏడు బండి బంగారంలా ఉంది గాని, జెండా దించేదాకా ఆగలేక ముందే బయలుదేరాడని పేరు కొట్టేశారు. పందెం పూర్తిచేసిన బండికి నలుపు తెలుపు గళ్ళ జెండా ఊపుతారు. ఆ జెండా ఎలా ఉంటుందో ఆయన దగ్గర్నుంచి చూడనే లేదు.

నాలుగో ఏడు, అంటే అరవై మూడులో, ఇందిరమ్మ గట్టిగా పట్టుకుంది. బావి ఇంజను పాడై నారుమడి ఎండుతోంది. కంచం వెనకాల నడుస్తూనే మాట తీసుకుంది. ఈసారి కూడా గళ్ళ జెండా చూడకుండా తిరిగొస్తే, పందెం కారు ఇంజను ఊడదీసి బావికి బిగించాలి. హజరత్తయ్య సరేనన్నాడు. అన్నాక ఆ వారమంతా పెరట్లో ఆ కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పక్కనుంచి చూస్తే ఆసామి ఈసారి నిజంగా దిగులుపడ్డాడని తెలిసిపోయింది నాకు. ఆ కారు పోతే ఇక ఆయన కూర్చునే చోటే ఉండదు.

అంత సంగతి జరుగుతుంటే నేను ఇంట్లో కూర్చోవడమేమిటి? పులిహోర ఎవరు కడతారని అడిగి, ఇందిరమ్మతో పాటు నేనూ బయలుదేరాను. శుక్రవారం తెల్లారి జీపుకు మోకు కట్టి, మోకుకు పందెం కారు కట్టి, కార్లో సమాధానాన్ని కూర్చోబెట్టి ప్రయాణం. జీపు వెనక భాగంలో ఒక పరుపు పరిచి ఉంది. నాకోసమే కాబోలని సుఖంగా చేరగిలబడ్డాను. వెంకటాచలం దాటేసరికే రోడ్డు పక్కన పిల్లలు మా వెనక పరుగెత్తడం మొదలుపెట్టారు. తడ దగ్గర రాష్ట్రం సరిహద్దు చెక్‌పోస్టు జవాను కారు చుట్టూ తిరిగి, ఇందులో ఎంతమంది ఎక్కుతారని అడిగాడు. ఒక్కరేనంటే నమ్మక, బియ్యం దాచారేమోనని సీటు కింద చెయ్యిపెట్టి వెతికాడు. అక్కడ దొరికింది నా పులిహోర గిన్నె. దాన్ని మూత తీసి వాసన చూసి, గౌరవంగా మూసి పంపించాడు.

శనివారం అభ్యాసం. ఆ మైదానంలో మలుపు మలుపుకీ తారు పీపాలు, గడ్డిమోపులు పెట్టారు. మా గేదెలకు ఆరు నెలలకు సరిపోయే గడ్డి, కార్లు గుద్దుకోవడానికి వేశారంటే నాకు కడుపు తరుక్కుపోయింది. పందెగాళ్ళందర్నీ నిలబెట్టి ఒక పెద్దమనిషి నిబంధనలు చదువుతుంటే, హజరత్తయ్య ఆ గుంపు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ విన్నాడు. మధ్యమధ్య పెద్దపెద్ద పందెగాళ్ళు మలుపు ఎలా తిప్పుతున్నారో పీపాల దగ్గర వంగి చూసి, వేలితో ఇసకలో గీసుకున్నాడు.

ముందుగా బయలుదేరకుండా ఉండడానికి సమాధానం ఒక ఉపాయం చెప్పాడు. సమాధానం ఎంత నెమ్మది మనిషంటే, ఆయన ఒక బోల్టు బిగించేలోగా నేను ఒక పూట వంట ముగించగలను. "జెండా పైకి లేస్తానే నీ పేరు, మీ నాయన పేరు, ఊరి పేరు ఒకసారి చెప్పుకో అన్నా. అయినాక చూడు" అన్నాడు.

ఆదివారం కంచె దగ్గర మేం నిలబడ్డ చోట ఒక మలుపు. అక్కడ జెండాలు పట్టుకుని పందేల క్లబ్బు మనిషి ఒకాయన ఉన్నాడు. తడలో మా చెల్లెల్ని ఇచ్చాం కాబట్టి నాకు అరవం కొంచెం వచ్చు. ఆ కొంచెంతోనే ఆయన చేత అన్ని జెండాల అర్థాలూ చెప్పించాను. ఎర్రదైతే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగాలి. పసుపుదైతే ముందు ప్రమాదం ఉంది. నీలందైతే వెనకవాడికి దారివ్వాలి. చెప్పి చెప్పి గొంతు ఆరిపోయి, చివరికి నా భుజం మీద ఎర్ర శాలువా చూసి ఆయన గుండె పట్టుకున్నాడు. రంగు గుడ్డలేవీ కంచె దగ్గర ఊపవద్దని చేతులు జోడించి, శాలువా మడిపించి లోపల పెట్టించాడు. నేను చెప్పిన మాట వినే మనిషిని.

పది చుట్ల పందెం, తొమ్మిది కార్లు. జెండా పైకి లేచింది. హజరత్తయ్య పెదవులు కదలడం దూరాన్నుంచే కనపడింది. పేరూ, తండ్రి పేరూ, ఊరూ అయ్యేసరికి తక్కిన ఎనిమిదిమందీ వెళ్ళిపోయారు. తొమ్మిదోవాడుగా బయలుదేరాడు. సమాధానం మాత్రం తొణకలేదు. మూడో చుట్టుకు ఆరోవాడయ్యాడు. ఐదో చుట్టుకు నాలుగు. మలుపు దగ్గర మిగతావాళ్ళ కార్లు కీచుమంటూ వెనక భాగం ఊపుతుంటే, మా పొట్లకాయ కాలవ గట్టున పాములా మెలితిరిగి బయటపడేది. ఎనిమిదో చుట్టుకు మొదటివాడు.

ఇందిరమ్మ కళ్ళు మూసుకుంది. బావి సంగతి ఎవరికీ గుర్తు లేదు. పదో చుట్టు మొదలైంది. వెనకవాడికీ ఈయనకూ మధ్య మూడు బస్సులు పట్టేంత ఎడం ఉంది. నాకు కాళ్ళు నిలవలేదు. బెంచీ ఎక్కాను. ఏదో ఒకటి ఊపకపోతే ప్రాణం పోయేలా ఉంది. ఎరుపు కూడదు, పసుపు కూడదు, నీలం కూడదు. చుట్టూ చూస్తే పులిహోర గిన్నెకు కట్టిన తువ్వాలు కనపడింది. తెల్లటి తెలుపు. ఏ జెండాతోనూ పోలిక లేదు. ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ విప్పి, రెండు చేతులా ఎత్తి ఊపాను.

పొట్లకాయ కీచుమని అరిచి, పక్కకు తిరిగి, దుమ్ములేపుకుంటూ వచ్చి సరిగ్గా మా కంచె ముందు ఆగింది.

హజరత్తయ్య కళ్ళద్దాలు నుదుటిమీదికి తోశాడు. "ఎవురికి అత్తా? ఏమైంది? ఎక్కమను, తొందరగా ఎక్కమను" అంటూ వెనక్కి చెయ్యి చాపాడు. అక్కడ వెనక సీటు లేదు. చెయ్యి రేకుకు కొట్టుకుంది.

"ఎవురికీ ఏం కాలేదబ్బయా. సంతోషం పట్టలేక ఊపినా."

"ఎవురూ పడిపోలా?"

"పడిపోలా. నువ్వు పో నాయనా."

"ఇందిర యాడ?"

"ఈడే ఉండా, కళ్ళు మూసుకోనుండా" అంది ఇందిరమ్మ.

"అందురూ బాగుండారు కదా? నిజం చెప్పు అత్తా."

నా జన్మలో ఆయన నన్ను అన్ని ప్రశ్నలడగడం అదే మొదలు. నేను జవాబు చెబుతుండగా ఒక కారు దూసుకుపోయింది. ఇంకొకటి పోయింది. మూడోది కూడా పోయింది. జెండాల ఆయన తల మీద రెండు చేతులూ పెట్టుకుని అరవంలో దేవుణ్ణి పిలుస్తున్నాడు. ఇంజను ఆపే అలవాటు లేని మనిషి కావడం మా అదృష్టం. గుడగుడమంటున్న కారు ఒక్క గెంతు గెంతి మళ్ళీ బయలుదేరింది. చివరికి నాలుగోవాడుగా గీత దాటాడు. గళ్ళ జెండా ఊపారు. ఇంజను బావి పాలు కాకుండా బయటపడింది. వెండి కప్పు మాత్రం ఎవరో మద్రాసు అబ్బాయికి పోయింది.

నేను బెంచీ దిగి తువ్వాలు ఒళ్ళో దాచుకున్నాను. సమాధానం మెల్లగా వచ్చి, హజరత్తయ్య తనకిచ్చి వెళ్ళిన పందెం గడియారం చూపించాడు. "అర నిమిషం పోయిందమ్మా" అన్నాడు.

"పిచ్చిముండను నేను ఊపితే ఆయన ఆగేదేంది సమాధానం? నా చెయ్యి చూసి ఎన్నడన్నా ఆగినాడా?"

"ఆయన ఆగలేదమ్మా. కాలు ఆగింది. తెల్లగుడ్డ కనపడితే ఆ కాలు బ్రేకు మీదికే పోతుంది. పదేళ్ళ అలవాటు."

తరవాత సమాధానం తన పద్ధతిలో, ఒక్కో మాట మధ్య ఒక్కో బోల్టు బిగించేంత సేపు ఆగుతూ సంగతి చెప్పాడు. సముద్రపొడ్డు పల్లెల్లో గుడ్డ ఊపిన ప్రతిసారీ ఆగింది ఆ జీపే. కాన్పు కష్టమైనవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, వల తాడు తెగి దెబ్బ తగిలినవాళ్ళు, అందరూ నెల్లూరు పెద్దాసుపత్రికి చేరింది ఆ జీపులోనే. నేను షోలవరం దాకా సుఖంగా చేరగిలబడి వచ్చిన పరుపు అందుకోసమే. నా కళ్ళకు తడి వచ్చింది గాని, అంతకన్నా ముందు ప్రశ్న వచ్చింది.

"నేను కాఫీ పొడికి చెయ్యెత్తి తిట్టినానే ఆ శ్రావణంలో, ఆ రోజు జీపులో ఎవురు?"

"పల్లెలో ఎస్తేరమ్మ కూతురమ్మా. కట్లపాము."

"బతికిందా?"

"బతికింది. మొన్న మేకల్ని తోలుకుంటా కనపడింది."

గోడ మీది నిమిషాలు పల్లె నుంచి ఆసుపత్రి మెట్ల దాకా పట్టే నిమిషాలట. మొదటిసారి నలభై ఒకటి. జీపు పరుగులన్నీ పందెం కోసం అభ్యాసమని ఇన్నేళ్ళూ వీధికంతా చెప్పుకొచ్చాను. అసలు సంగతి తిరగబడి ఉంది. పందెమే జీపుకు అభ్యాసం. ఇక్కడ పెద్ద పందెగాళ్ళు మలుపు తిప్పడం చూసి నేర్చుకుని, తిరిగొచ్చి మా కాలవ మలుపుల దగ్గర అలా తిప్పుతాడు. షోలవరం వచ్చిన ప్రతి ఏడూ గోడ మీద నిమిషమో ముప్పావు నిమిషమో తగ్గింది.

"నాకెందుకు చెప్పలేదు మరి? నేనేమైనా పరాయిదాన్నా?"

సమాధానం తల గోక్కున్నాడు. చెప్పాలా వద్దా అని ఇందిరమ్మ వైపు చూశాడు. చెప్పమంది.

"చెబితే మీరు రోడ్డుకడ్డం నిలబడి ఎవురికి, ఏమైంది, ఎప్పటినుంచి అని అడుగుతారంటమ్మా. ఆగి జవాబు చెప్పాలంటే అర నిమిషం పోతుందని భయం అన్నకు."

ఇందిరమ్మ వైపు తిరిగి, నీకు తెలుసా అన్నాను. "తెలవకేం పెద్దమ్మా. ఆ పరుపు నా పెళ్ళి పరుపు" అంది.

ఈలోగా హజరత్తయ్య వచ్చాడు. నేను ఏడ్చినంత పనిచేసి, కప్పు పోగొట్టానని మొత్తుకున్నాను. ఆయన పులిహోర గుప్పిట్లో పెట్టుకుని నా చుట్టూ తిరుగుతూ "జెండా చూసినా అత్తా, శానా పెద్దది, గళ్ళు గళ్ళుగా ఉండాది" అన్నాడు. కప్పు మాటే ఎత్తలేదు. పైగా ఆగినప్పుడు బ్రేకు బాగా పట్టిందని సమాధానాన్ని మెచ్చుకున్నాడు. పులిహోరలో ఉప్పు తగ్గిందని మాత్రం అన్నాడు.

ఊరికి వచ్చిన మూడో రోజు ఆయన మా అరుగు దగ్గరికి వచ్చాడు. కాఫీ పొడి పొట్లం నా చేతికిచ్చి, కూర్చున్నాడు. రెండు మోకాళ్ళూ వంచి, పూర్తిగా కూర్చున్నాడు. ఇందిరమ్మ ఎదురు గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. నా దగ్గర పదేళ్ళ ప్రశ్నలున్నాయి. మొదటిది నాలుక చివరకు వచ్చింది. అంతలో మైపాడు వైపునుంచి సైకిలు మీద ఒకతను రొప్పుతూ వచ్చి, పల్లె దగ్గర గుడ్డ ఊపుతున్నారని చెప్పాడు. మాట పూర్తయ్యేలోగా అరుగు ఖాళీ, జీపు సముద్రం వైపు పోయింది.

నేను ప్రశ్న మింగేశాను. లోపలికి వెళ్ళి ఎర్ర శాలువా తీసుకున్నాను. మా వీధి దాటాక పెద్ద కాలవ మలుపులో ఆ వేళకు ఊళ్ళో గేదెలన్నీ నీళ్ళకు దిగుతాయి. వెళ్ళి మలుపు నడిమధ్యన నిలబడి శాలువా ఎత్తాను. రెండు ఎడ్లబండ్లు ఆపాను, గేదెల మందను గట్టుకు తోలించాను, ఎందుకని అడిగిన బండి తోలే చెంచురామయ్యను నోరు మూసుకుని నిలబడమన్నాను. జవాబులు చెప్పే తీరిక ఎవరికుంది? జీపు వచ్చింది. పరుపు మీద ఎవరో పడుకుని ఉన్నారు, ఎవరో నాకు తెలియదు, అడగలేదు. హజరత్తయ్య మలుపును పాములా తిప్పి, వేగం తగ్గించకుండానే దాటిపోయాడు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్ళి గోడ చూశాను. ముప్పై నాలుగున్నర కింద కొత్తగా ముప్పై నాలుగు అని రాసి ఉంది. ఆ అర నిమిషం నాది.